రాక్షసుడి షీటు ఎవరి చేతిలో?

ఒక ఆట గురించి ఈ పత్రికకు రాస్తానంటే మిత్రుడొకడు నవ్వాడు. "నేతగాళ్ల కూలి గురించి రాయవలసినవాడివి, పాచికలాట గురించి రాస్తావా?" అన్నాడు. రాస్తాను. ఎందుకంటే ఆ ఆటలో ఒక నేతగాడికి జరిగిన అన్యాయాన్ని నేను కళ్లారా చూశాను. చూసి ఊరుకోవడమే కాదు, అది న్యాయమేనని తీర్పు కూడా చెప్పాను. ఆ తీర్పు తప్పు. తప్పు నా ఒక్కడిదే అయితే ఇంట్లో కూర్చుని నొచ్చుకుంటే సరిపోయేది. కాని ఆ ఆట ఆడేవాళ్లలో చాలామంది అదే తప్పును నియమంగా పాటిస్తున్నారు. దానికి వాదాలు కూడా సిద్ధం చేసుకున్నారు. ఆ వాదాల సంగతి తేల్చడానికే ఈ వ్యాసం.

ఆట తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను కల్పించుకుని, దాని బలమెంత, తెలివెంత, చేతిలో ఏమున్నది, మనసులో ఏమున్నది ఒక కాగితం మీద రాసుకుంటారు. దాన్ని క్యారెక్టర్ షీటు అంటారు. ఒకడు మాత్రం పాత్ర తీసుకోడు. కథ నడపడం వాడి పని. ఊళ్లు, కొండలు, దొంగలు, దేవతలు, ఎండావానలు అన్నీ వాడి అధీనంలోనివే. వాణ్ణి డన్‌జన్ మాస్టర్ అంటారు. నేను సూత్రధారి అంటాను. "మీ ముందు ఏరున్నది" అని సూత్రధారి చెబుతాడు. "నేను ఈదుతాను" అని ఆటగాడు చెబుతాడు. ఈదగలిగాడా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆటలు అచ్చులోకి వచ్చాయి.

గుంతకల్లు నుంచి బెంగుళూరు వెళ్లే రైలు మార్గం మీద ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరసగా వస్తాయి. నేను హిందూపురంలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నా దగ్గర చదివిన ముగ్గురు, ధర్మవరం నుంచి ఒక కుర్రవాడు, ఆదివారాలు నడుమనున్న పెనుకొండలో ఒక మేడగదిలో కలిసి ఈ ఆట ఆడేవాళ్లు. పరాయి దేశపు కోటలూ డ్రాగన్లూ మాకెందుకని, కథను 1565 తర్వాతి పెనుకొండలో పెట్టుకున్నారు. రక్కసతంగడి యుద్ధంలో విజయనగరం కూలిపోయి, తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చిన కాలం. రాజుతో వచ్చిన సామంతుల సంగతి చరిత్ర పుస్తకాల్లో ఉన్నది. కట్టుబట్టలతో వచ్చినవాళ్ల సంగతి లేదు. మా పిల్లలు ఆ రెండోరకం వాళ్లను పాత్రలుగా తీసుకున్నారు. అది చూసి నాకు ముచ్చట వేసింది. వీలున్నప్పుడల్లా వెళ్లి మూల కూర్చుని చూసేవాణ్ణి.

ధర్మవరం కుర్రవాడి ఇంట్లో మగ్గం ఉన్నది. అతని పాత్ర కూడా నేతగాడే. హంపీ నుంచి మగ్గం విప్పి భుజాన మోసుకొచ్చినవాడు. కొండ దారిలో ఒక రాత్రి వాణ్ణి తోడేలు కరిచింది. అది మామూలు తోడేలు కాదు, శాపం తగిలిన మనిషి. ఇక పున్నమి వచ్చినప్పుడల్లా నేతగాడూ తోడేలవుతాడు. కుర్రవాడు ఏడవలేదు, గొడవపడలేదు. "నా వాడు దీన్ని ఎదిరిస్తాడు" అన్నాడు. పున్నమినాటి సాయంత్రం తనను మగ్గం గుంజకు కట్టెయ్యమని తోటివాళ్లను అడిగాడు. పాచిక వేశాడు. ఏడు పడింది. తాళ్లు తెగాయి.

అప్పుడు సూత్రధారి చెయ్యి చాచి కుర్రవాడి ముందున్న షీటు తీసుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "ఇక వీడు నావాడు" అన్నాడు. తరువాత తన పాటికి తాను కథ చెప్పుకుపోయాడు. తోడేలు కాందిశీకుల గుడిసెల్లో దూరింది. ఒక పసివాణ్ణి చంపింది. తెల్లవారినా సూత్రధారి షీటు తిరిగి ఇవ్వలేదు. తక్కిన ముగ్గురూ బరిసెలు పట్టుకుని బయలుదేరారు. కుర్రవాడు తన మనిషిని తన స్నేహితులు వేటాడుతుంటే గంటన్నరసేపు చూస్తూ కూర్చున్నాడు. మరుసటి ఆదివారం రాలేదు.

పిల్లల్లో తగువు వచ్చింది. నన్ను తీర్పు చెప్పమన్నారు. నేను మాస్టర్ని గదా, పుస్తకం తెరిచాను. 2014లో వచ్చిన మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఆ నియమం ఉన్నది. శాపాన్ని ఇష్టపడి ఒప్పుకున్న పాత్రను, ఆ శాపం తీరేదాకా తన చేతిలోకి తీసుకునే స్వేచ్ఛ సూత్రధారికి ఉన్నది. "నియమం సూత్రధారి పక్షాన ఉన్నది" అన్నాను. తగువు తీరిపోయిందనుకున్నాను.

వారం తరువాత రైల్లో కుర్రవాడు కనిపించాడు. ఎందుకు రావడం లేదని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "వాడు తోడేలైనందుకు నాకు బాధ లేదు సార్. తోడేలైనాక వాడేం చేస్తాడో నన్నెవరూ అడగలేదు."

ఇంటికి వచ్చి పుస్తకం మళ్లీ చదివాను. రెండు తప్పులు కనబడ్డాయి. ఒకటి: పుస్తకం సూత్రధారికి స్వేచ్ఛ ఇచ్చిందే గాని, లాక్కోమని ఆజ్ఞాపించలేదు. "తీసుకోవచ్చు" అన్నదాన్ని నేను "తీసుకోవాలి" అని చదివాను. రెండు: ఆ మాట శాపాన్ని ఒప్పుకున్నవాడి గురించి. ఎదిరించేవాడి గురించి చెప్పినది వేరు. మామూలు రోజుల్లో వాడు వాడుగానే బతుకుతాడు; నిండు పున్నమినాడు మాత్రం శాపం వాణ్ణి మించిపోతుంది. మా నేతగాడు ఎదిరించాడు, తనను కట్టెయ్యమన్నాడు. నేను మాత్రం లొంగినవాడి శిక్షను ఎదిరించినవాడికి వేశాను. అధికారంలో ఉన్నవాడి పక్షాన చదవడం మనకెంత అలవాటైపోయిందంటే, కళ్లజోడు పెట్టుకుని చదివినా అలాగే కనబడుతుంది.

ఇక వాదాల దగ్గరికి వస్తాను.

మొదటి వాదం: "సూత్రధారే ఆటకు న్యాయమూర్తి. ఆయన మాట చెల్లకపోతే ఆటే ఉండదు." ఈ న్యాయమూర్తి ఎక్కడ పుట్టాడో చూద్దాం. ఈ ఆటలకు పూర్వరూపాలు యుద్ధపుటాటలు. ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే అధికారి 1824లో ఒక యుద్ధపుటాటకు నియమాలు ప్రకటించాడు. పటం మీద దళాలను కదుపుతూ యువ సైనికాధికారులకు యుద్ధం నేర్పే ఆట అది. దానిలో మధ్యవర్తి ఒకడుంటాడు. ఎవరికేమి కనబడుతున్నదో, ఎవరు చచ్చారో ఆయనే చెబుతాడు. బారకాసుల్లో ఆ ఏర్పాటుకు అర్థమున్నది. చచ్చిన సిపాయిని అడిగేదేమున్నది? ఆ సిపాయికి షీటు లేదు. కాని ఇప్పటి ఆటలో చేరిన కొత్త విషయమే షీటు. ఒక్కొక్క మనిషి వెనక ఒక్కొక్క మనిషి కూర్చున్నాడు. ఆ కొత్తదనాన్ని ఒప్పుకుంటూనే, కష్టమొచ్చిన మరుక్షణం ప్రష్యా బారకాసులోకి పరుగెత్తడం ఏ న్యాయం? సూత్రధారికి నదుల మీద, కొండల మీద, చంద్రుడి మీద అధికారం ఉండనివ్వండి. ఇంకొకడి పాత్ర మనసు మీద ఆయనకు పట్టా ఎవరిచ్చారు?

రెండో వాదం కొంచెం బలమైనది. "పాత్ర పోతుందన్న భయం లేకపోతే రాక్షసరూపానికి విలువేమిటి? కోల్పోవడమే గదా అందులోని విషాదం!" ఇదే మాట మరికొన్ని ఆటలూ నమ్మాయి. 1981లో వచ్చిన కాల్ ఆఫ్ క్తుల్హులో మనఃస్థిమితం సున్నాకు పడిపోతే పాత్ర ఆటగాడి చెయ్యి దాటిపోతుంది. 1991లో వచ్చిన వాంపైర్ ఆటలో అందరూ మొదటి నుంచీ రక్తపిశాచాలే. అక్కడ మానవత్వాన్ని అంకెల్లో కొలుస్తారు. అది సున్నా అయితే షీటు సూత్రధారికి పోతుంది. కాని తేడా గమనించండి. వాంపైర్ ఆటలో ఆ సున్నాకు చేరేదాకా ప్రతి మెట్టూ ఆటగాడు తానే దిగుతాడు. ఆకలి వేసింది, తాగావా లేదా? తాగితే ఎవరి రక్తం? తరువాత పశ్చాత్తాపపడ్డావా? ఇన్ని ప్రశ్నలు అడిగిన తరువాత గాని షీటు పోదు. అక్కడ విషాదం ఉన్నది. మా పెనుకొండ గదిలో జరిగినదానిలో విషాదం లేదు, జప్తు ఉన్నది. అప్పు తీర్చలేదని మగ్గం ఎత్తుకుపోతే నేతగాడికి అది విషాద నాటకంలా కనిపిస్తుందా?

మూడో వాదాన్ని సంప్రదాయం పేరుతో చెబుతారు. "మన పురాణాల్లో శాపం తగిలినవాడి ఇష్టాన్ని ఎవరడిగారు?" అడగనివాళ్లున్నారు, నిజమే. విరాధుడూ కబంధుడూ శాపం వల్ల రాక్షసులయ్యారు; వాళ్లకు చావే విమోచనం. చంపినవాడికి పుణ్యం, చచ్చినవాడికి స్వర్గం. లెక్క సరిపోయిందని చెప్పేవాళ్లను నేను గౌరవించలేను. కాని సంప్రదాయమంటే ఇదొక్కటే అనుకోవడం అజ్ఞానం. హిందూపురం పక్కనే లేపాక్షి ఉన్నది. అక్కడి దేవుడు వీరభద్రుడు. ఆ వీరభద్రుడు దక్షుడి తల నరికితే, చివరికి దక్షుడికి మేకతల అతికించారు. తల మేకది అయింది గాని ప్రజాపతి పదవి పోలేదు. యజ్ఞం పూర్తయింది. గొప్పవాడికి మేకతల వచ్చినా షీటు చేతిలోనే ఉంటుందన్నమాట! ఈ మర్యాద నేతగాడికి ఎందుకు దక్కదో అడిగే హక్కు మనకున్నది.

నలుడి కథ ఇంకా దగ్గరిది. ఆ కథలోనూ పాచికలున్నాయి. జూదంలో రాజ్యం పోగొట్టుకున్నవాణ్ణి కర్కోటకుడు కాటేస్తే కురూపి బాహుకుడయ్యాడు. కాని వంట వాడిదే, గుర్రాల విద్య వాడిదే, దుఃఖం వాడిదే. రూపం చూసి కాదు, వంట రుచి చూసీ రథం నడిచిన తీరు చూసీ దమయంతి పోల్చుకున్నది. వికారమైన ఒంట్లో మనిషి మిగిలే ఉంటాడని, అతణ్ణి వెతికి పట్టుకోవడం తక్కినవాళ్ల బాధ్యత అని ఆ కథ చెబుతుంది. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఈ నలుడి కథనే చిత్రనళీయం నాటకంగా రాశాడు. ఆ కథ నాటకంగా నిలబడిందంటే, రూపం పోయిన తరువాత కూడా మాట్లాడటానికి నలుడికి మాటలు మిగిలాయి గనకనే.

పుస్తకాలు వద్దు, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు పోయి చూడండి. తోలుబొమ్మల వాళ్లున్న ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. నేను చూసిన ఆటలో మారీచుడు బంగారులేడి అయినప్పుడు రాక్షసుడి బొమ్మ తప్పుకుని లేడిబొమ్మ తెర మీదికి వచ్చింది. తోలు మారింది, రంగు మారింది, నడక మారింది. ఆడించే చెయ్యి మారలేదు. పాడే గొంతు మారలేదు. అంతకుముందే మారీచుడు ఈ పని వద్దని రావణుడితో వాదించాడు, భయపడ్డాడు, ఎలాగూ తప్పని చావుకు సిద్ధపడ్డాడు. అందువల్లనే ఆ లేడి గెంతుతుంటే జనం గుండెలు కొట్టుకుంటాయి. లోపల మారీచుడు లేకపోతే అది ఉత్త లేడి.

పెనుకొండకే చెందిన ఇంకొక ఐతిహ్యం ఉన్నది. లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ రాయలవారి కోశాధికారి. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుచేశాడని రాజు కళ్లు తీయించబోతే, తన కళ్లు తానే పీక్కుని గోడకు కొట్టాడంటారు. గోడ మీది ఎర్రమరకలు ఇప్పటికీ చూపిస్తారు. ఇది చరిత్ర అని నేననను. రాజు క్రౌర్యాన్ని భక్తితో కప్పే కథ అని కూడా అనవచ్చు. అయినా జనం దాన్ని ఇన్ని తరాలు ఎందుకు దాచుకున్నారు? శిక్ష తప్పించుకోలేనివాడు కనీసం దాన్ని రాజు చేతిలోంచి లాక్కున్నాడు గనక. మా కుర్రవాడు అడిగింది అంతకంటె ఎక్కువ కాదు.

ఇక నాలుగో వాదం, నా మిత్రుడిది: "ఇది ఆట. దీనికింత రాద్ధాంతమా?" మిత్రుడికి ఒక మాట గుర్తుచేస్తాను. షీటు అన్న మాట మనవాళ్లకు ఈ ఆటతో రాలేదు. పోలీసు స్టేషన్‌లో రౌడీషీటు ఉన్నది. పేరు నీది, కాగితం వాళ్లది. అందులో నీ గుణగణాలు వాళ్లే రాస్తారు, నీ మాట ఒక్కటీ ఉండదు. అంతకుముందు ఊళ్లకు ఊళ్లనే అలా రాశారు. తెల్లదొరలు 1871లో నేరస్థ జాతుల చట్టం చేశారు. 1911 చట్టం తరువాత మద్రాసు రాజధానిలోనూ అమలు జరిపారు. 1913లో స్టూవర్టుపురం సెటిల్మెంటు పెట్టి ఎరుకలవాళ్లను అక్కడికి చేర్చారు. దొంగతనం చేశాడా అని కాదు, ఏ కడుపున పుట్టాడని అడిగిన చట్టం అది. 1952లో రద్దయింది. తరువాత అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలు వచ్చాయి. ముద్ర అంత తొందరగా చెరిగిపోలేదు.

నా సంగతి కూడా చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక కాలేజీలో ఒక విద్యార్థి మీద "వీడు మారడు" అని అధ్యాపకులందరం సంతకాలు పెట్టాం. అతను కొట్టాడన్నది నిజం. ఎందుకు కొట్టాడో చెప్పుకోవడానికి అతన్ని గదిలోకి పిలవలేదు. అప్పుడు కూడా నేను నియమాల పుస్తకమే చూశాను. ఆ పిల్లవాడు మళ్లీ చదువుకున్నాడో లేదో నాకు తెలియదు. రైల్లో ధర్మవరం కుర్రవాడి మాట విన్నప్పుడు గుర్తుకు వచ్చినది ఆ సంతకం. ఆటలో చేసే పని అలవాటై, గదుల్లో, ఆఫీసుల్లో, స్టేషన్లలో అదే చెయ్యి చాచుతాం. అందుకే ఈ రాద్ధాంతం.

అభ్యుదయవాదుల్లోనే కొందరు మరోవైపు పొరపాటు పడుతున్నారు. వాళ్లతోనూ తగువు తప్పదు. "రాక్షసుడంటే పీడితుడే, తోడేలు కోరలు తిరుగుబాటుకు గుర్తు, కాబట్టి వాడు ఏం చేసినా ఒప్పే" అంటారు. ఇది రొమాంటిక్ పిచ్చి. చచ్చిన పసివాడు కూడా కాందిశీకుడి బిడ్డే. కోరలొచ్చిన ఆటగాడు ఆ బలాన్ని చొక్కాలా తొడుక్కుని, రక్తం మరక మాత్రం కథలోకి రానివ్వకపోతే, వాడు సూత్రధారి కంటె మెరుగైనవాడేమీ కాదు. 1867లో మార్క్సు కాపిటల్‌లో పెట్టుబడిని రక్తపిశాచంతో పోల్చాడు. అదనపు శ్రమ కోసం దాని ఆకలిని తోడేలు మనిషి ఆకలితో పోల్చాడు. రాక్షసత్వమనే మాటనే వదిలేద్దామని ఆయన అనలేదు. కాని ఆయన ఆ మాటతో కొట్టింది ఒక సంబంధాన్ని. దారిన పోతూ కరిపించుకున్నవాణ్ణి కాదు. 1915లో అచ్చయిన కాఫ్కా కథలో పురుగైపోయిన గ్రెగర్ సాంసా తల్లిదండ్రుల అప్పు తీర్చడానికి ఊళ్లు తిరిగే గుమాస్తా. అతని మాట ఇంట్లోవాళ్లకు అర్థం కాలేదు. పాఠకుడికి మాత్రం చివరిదాకా అర్థమయింది. షీటు గ్రెగర్ చేతిలోనే ఉంచాడు రచయిత. ఆ కథ భయంకరంగా ఉండటానికి కారణం అదే.

మరి ఏం చెయ్యాలి? విమర్శకుడు ఇక్కడ తప్పించుకోకూడదు గనక, నాకు తోచినది చెబుతాను.

ఇలాంటి మార్పు ఆటలో రావచ్చా అని కథ మొదలుపెట్టే ముందే ఆటగాణ్ణి అడగాలి. కాటు వేసిన తరువాత అడగడం మర్యాద కాదు. శరీరం సూత్రధారిది, సంకల్పం ఆటగాడిది: కోరలెంత పొడుగు, పున్నమి ఎప్పుడు, ఆకలెంత అన్నవి సూత్రధారి చెప్పవచ్చు. "ఆకలి నిన్ను గుడిసెల దాకా లాక్కుపోయింది" అని పాచిక చెప్పిన తరువాత కూడా, గుడిసె ముందు నిలబడ్డవాడు ఏం చేశాడని ఆటగాణ్ణే అడగాలి. ఒక్కొక్క ఎంపికకు ధర పెట్టండి: ఆకలి తీర్చకపోతే ఒళ్లు చిక్కిపోతుంది, తీరిస్తే ఒక ప్రాణం పోతుంది. ధర ఎంత ఎక్కువైనా కుర్రవాడు చెల్లిస్తాడు. బేరమే లేకుండా లాక్కోవద్దు. నష్టపోయినవాళ్లకు నోరివ్వండి. పసివాడి తల్లి బల్ల దగ్గరికి రావాలి, మాట్లాడాలి, తోడేలు వినాలి. విముక్తికి ఒక మంత్రగాణ్ణి వెతికి శాపం దింపించడమొక్కటే దారి కాకూడదు. ఇరుగుపొరుగు కలిసి కాపలా కాసి, తాళ్లు పేని, మనిషిని నిలబెట్టుకునే దారి కూడా ఉండాలి. ఇవన్నీ అయిన తరువాత ఆటగాడే "వీణ్ణి నేను మొయ్యలేను, నువ్వు తీసుకో" అంటే, సూత్రధారి తీసుకోవచ్చు. అది ఇచ్చినది గనక జప్తు కాదు.

ఇది చదివి మా సూత్రధారి కోపం తెచ్చుకున్నాడు. నిజానికి అతను చెడ్డవాడు కాదు. భయపడ్డాడు. తోడేలు కుర్రవాడి చేతిలో ఉంటే కథ ఎటుపోతుందో తెలియదని భయం. ఎటుపోతుందో తెలిసిన కథ కావాలంటే ఒంటరిగా కూర్చుని నవల రాసుకోవచ్చునని చెప్పాను. రెండు వారాలు మాట్లాడలేదు. మూడో ఆదివారం జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. మడతల దగ్గర చిరిగి ఉన్నది. ధర్మవరం కుర్రవాడు వచ్చాడు గాని, కాగితం ముట్టుకునే ముందు ఒక షరతు పెట్టాడు: పసివాడి చావును వెనక్కి తిప్పకూడదు. "అది నేను చేసింది కాదు. అయినా చేసింది నా వాడి చేతులే గదా సార్. మొదట ఆ తల్లి దగ్గరికి పోతాను" అన్నాడు.

ఏం జరుగుతుందో ఇంకా తెలియదు. ఆమె క్షమించవచ్చు, బరిసె తియ్యవచ్చు. తీర్పు నన్ను అడగవద్దని పిల్లలకు చెప్పాను. నేను అడుగుతున్నది ఈ ఆట ఆడే ప్రతి గదిలోని సూత్రధారిని, నాలాగ పుస్తకం తెరిచి తీర్పు చెప్పే ప్రతి మాస్టర్ని: మీ జేబులో ఎవరి కాగితమైనా మడిచి ఉంటే తీసి బల్ల మీద పెట్టండి. వాడు రాక్షసుడా కాదా అన్నది తరువాత వాదించుకుందాం, వాణ్ణి కూడా కూర్చోబెట్టుకుని.